ఇంజన్ వేడెక్కడం (కారు)
కారు ఇంజన్‌లో కూలెంట్ సాధారణంగా 90–105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆ హద్దు దాటితే ఇంజన్ వేడెక్కినట్టు. ఎప్పుడు వేడెక్కుతోందన్నదే చాలావరకు కారణాన్ని పట్టిస్తుంది. ట్రాఫిక్‌లో ఉష్ణోగ్రత మీటర్ ముల్లు పైకి లేచి, హైవే ఎక్కగానే దిగితే అనుమానం రేడియేటర్ ఫ్యాను మీద, దాని ఫ్యూజు, రిలేల మీద. వేగంగా వెళ్తున్నప్పుడే లేస్తే రేడియేటర్ పూడిక లేదా వాటర్ పంపు. కూలెంట్ నిండుగా ఉండి, ఇంజన్ కాగుతున్నా రేడియేటర్ గొట్టం చల్లగానే ఉంటే కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోకపోతూ ఉండవచ్చు. దాన్ని పీకి పారేయడం కొందరు మెకానిక్కుల చిట్కా. అది వైద్యం కాదు, ఆపై ఇంజన్ తగినంత వేడెక్కక ఇంధనం ఎక్కువ తాగుతుంది. బయట కారకుండానే కూలెంట్ తగ్గుతూ, తెల్లపొగ ఆగకుండా వస్తూ, ఆయిల్ పాలకాఫీ రంగుకు తిరిగితే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇంజన్ చల్లారకుండా రేడియేటర్ మూత తిప్పకూడదు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఎగజిమ్మి ఒళ్లు కాలుస్తుంది.