చెవిలో హోరు: మందుల పరీక్ష

బయట ఏ శబ్దమూ లేకున్నా చెవిలో గుయ్‌మంటూ, ఈల వేసినట్టు వినిపించే స్థితిని వైద్యులు టినిటస్ అంటారు. సుశ్రుతుడు దీన్ని కర్ణనాదమన్నాడు. ఆరు నెలలకు మించితే దీర్ఘకాలికంగా భావిస్తారు. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో ఏళ్ల తరబడి పనిచేయడం దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో సింగరేణి బొగ్గు గనులున్నాయి కాబట్టి ఈ విషయం అక్కడివారికి ముఖ్యం.

మందుల పరీక్షా విధానం: హోరును బయటి యంత్రంతో నేరుగా కొలవలేం, రోగి మాటే ఆధారం. అందుకే 25 ప్రశ్నల పట్టిక వాడతారు. నిద్ర చెడుతోందా, ధ్యాస కుదరడం కష్టమవుతోందా వంటి ప్రశ్నలకు 'అవును' అంటే 4 మార్కులు, 'అప్పుడప్పుడు' అంటే 2, 'లేదు' అంటే 0, మొత్తం గరిష్ఠంగా 100. రోగుల్లో కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి ఫలితాలు పోల్చుతారు. ఉత్తుత్తి మందుతోనూ కొందరికి ఊరట కలుగుతుంది కనుక ఈ పోలిక తప్పనిసరి.

ఫలితాలు: లిడోకైన్‌ను నరంలోకి ఎక్కిస్తే హోరు కాసేపే తగ్గుతుంది. చెవిలోకి ఇచ్చే ఎస్‌కెటమిన్ ఇంజెక్షన్ 2016, 2018లలో వెలువడిన మూడో దశ ఫలితాల్లో విఫలమైంది.

నియంత్రణ: భారత్‌లో 2009 జూన్ 15 నుంచి ఔషధ పరీక్షలను జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. పాల్గొనేవారి లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి.

హోరును పూర్తిగా మాన్పుతుందని రుజువైన మందు నేటికీ లేదు. కౌన్సెలింగ్, వినికిడి యంత్రాలు బాధను తగ్గిస్తాయి. హోరు మొదలైతే చెవి వైద్యుణ్ణి కలవాలి. శబ్దమున్నచోట చెవులకు రక్షణ పెట్టుకోవాలి.