సొంత రిజిస్ట్రీ: చేతిపని నుంచి ప్లేబుక్ దాకా

ప్రైవేటు రిజిస్ట్రీ పెట్టడం ఒక్క కమాండు పని. డాకర్ వచ్చిన కొత్తలో ఈ మాట అందరి నోటా వినేవాణ్ణి. మాట నిజమే. 5000 పోర్టు మీద రిజిస్ట్రీ కంటైనర్ లేపితే చాలు, నిమిషంలో ఇమేజ్‌లు ఎక్కించుకోవచ్చు. సర్వర్లు చూసుకునే నాలాంటి వాళ్లకు అసలు పని మాత్రం ఆ నిమిషం గడిచాకే మొదలవుతుంది. ఆ పనిని మనిషి జ్ఞాపకంలోంచి తీసి రాతలో పెట్టడానికి ఏళ్లు పట్టింది.

2013 మార్చిలో శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను చూపించారు. ప్రోగ్రామునూ దానికి కావాల్సిన లైబ్రరీలనూ కలిపి ఒకే ఇమేజ్‌గా కడితే ఏ సర్వర్ మీదైనా ఒకేలా నడుస్తుంది. కట్టిన ఇమేజ్‌ను దాచుకోవడానికీ, పంచుకోవడానికీ ఒక చోటు కావాలి. అదే రిజిస్ట్రీ. 2014 జూన్‌లో డాకర్ 1.0తో పాటు డాకర్ హబ్ వచ్చింది. తమ కోడ్ బయట పెట్టడం ఇష్టంలేని సంస్థలు పైతాన్‌లో రాసిన తొలి రిజిస్ట్రీని సొంత సర్వర్ల మీదే నడుపుకున్నాయి. అందులో ఇమేజ్‌లోని ప్రతి పొర (లేయర్) తన కింది లేయర్‌ను మాత్రమే చూపేది కాబట్టి డౌన్‌లోడ్ నత్తనడకన సాగేది. 2015 ఏప్రిల్‌లో డాకర్ 1.6తో వచ్చిన రెండో తరం రిజిస్ట్రీని గో భాషలో కొత్తగా రాశారు. లేయర్లన్నిటి జాబితా మానిఫెస్ట్ అనే ఫైల్లో ఒకేచోటికి చేరింది. లేయర్‌లో ఉన్న డేటాను బట్టి లెక్కగట్టిన షా256 విలువే దాని చిరునామా అయింది.

తొలి ఏళ్లలో మమ్మల్ని ఎక్కువగా ఏడిపించినవి సర్టిఫికెట్లు. బయటి రిజిస్ట్రీతో డాకర్ హెచ్‌టీటీపీఎస్ మీదే మాట్లాడుతుంది. సర్టిఫికెట్ మనమే తయారుచేసుకున్నదైతే, ఇమేజ్ దించుకునే ప్రతి మెషీన్‌లోనూ డాకర్ సెట్టింగుల కింద రిజిస్ట్రీ పేరుతో ఒక ఫోల్డర్ చేసి దాన్ని కాపీ చేయాలి. ఒక్క మెషీన్ వదిలేసినా డిప్లాయ్‌మెంట్ అక్కడే ఆగుతుంది. విసిగిన వాళ్లు 'ఇన్‌సెక్యూర్ రిజిస్ట్రీ' అనే సెట్టింగ్ పెట్టి భద్రతనే పక్కన పెట్టేవారు.

ఈ బెడద తీరింది యాన్సిబుల్‌తో. 2012లో మైకేల్ డిహాన్ విడుదల చేసిన ఈ సాధనానికి మెషీన్లలో ఏజెంట్ అక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్, పైతాన్ ఉంటే చాలు. ఫలానా ఫోల్డర్ ఉండాలి, ఫలానా సర్టిఫికెట్ ఉండాలి, ఫలానా కంటైనర్ నడుస్తూ ఉండాలి అని యామల్ ఫైల్లో రాస్తాం. ఆ ఫైలే ప్లేబుక్. యాన్సిబుల్ ఉన్నదాన్ని ముట్టుకోకుండా లేనిదాన్ని మాత్రమే చేస్తుంది. కాబట్టి సరిగ్గా రాసిన ప్లేబుక్‌ను మళ్లీ నడపడానికి భయపడనక్కర్లేదు. 2015 చివర్లో అందరికీ అందుబాటులోకి వచ్చిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చింది. అప్పట్లో వాటి గడువు 90 రోజులే. ఆ గడువును మనిషి గుర్తుపెట్టుకుని సాగించడం కష్టం కాబట్టి ఆటోమేషన్ తప్పనిసరి అయింది.

అన్నిటికంటే ఆలస్యంగా కుదిరింది చెత్త తొలగింపు. డిస్కు నిండిందని పాత ఇమేజ్ డిలీట్ చేస్తే ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు, పోయేది మానిఫెస్ట్ మాత్రమే. ఒకే లేయర్ పది ఇమేజ్‌లకు పునాది కావచ్చు కనుక రిజిస్ట్రీ దాన్ని వెంటనే చెరపదు. 2016లో 2.4 వెర్షన్‌తో వచ్చిన గార్బేజ్ కలెక్షన్ ముందు మానిఫెస్ట్‌లన్నీ చదివి, వాడుకలో ఉన్న లేయర్లకు గుర్తు పెడుతుంది. తర్వాత గుర్తు లేనివాటిని చెరిపేస్తుంది. ప్రమాదమంతా ఆ మధ్యలో ఉంది. అదే సమయంలో ఎవరైనా కొత్త ఇమేజ్ పుష్ చేస్తే లేయర్ చేరి ఉంటుంది, మానిఫెస్ట్ ఇంకా రాదు. అనాథలా కనిపించే ఆ లేయర్ చెత్తతో పాటు పోతుంది. అందుకే మా ప్లేబుక్‌లో వరుస కచ్చితంగా ఉంటుంది: రిజిస్ట్రీని రీడ్-ఓన్లీలో పెట్టాలి, రీస్టార్ట్ చేయాలి, శుభ్రం చేయాలి, మళ్లీ రాతకు తెరవాలి, చిన్న ఇమేజ్ ఒకటి పుష్ చేసి, పుల్ చేసి చూడాలి. అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న మనిషి ఈ ఐదింటిలో ఒకటి దాటేయగలడు, ప్లేబుక్ దాటేయదు.

చైనాలోని వీఎంవేర్ ఇంజనీర్ల చేతుల్లో పుట్టి 2016లో ఓపెన్ సోర్స్ అయిన హార్బర్ అనే రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్ ఈ చాకిరీలో చాలా భాగాన్ని తనలోకే తెచ్చుకుంది. ఎవరికి ఏ ప్రాజెక్టు కనబడాలి, పాత ట్యాగులు ఎన్ని ఉంచాలి వంటివి నియమాలుగా రాసుకునే వీలు వచ్చింది. 2020లో వచ్చిన 2.1 వెర్షన్ పుష్‌లు ఆపకుండానే చెత్త తీయడం మొదలుపెట్టింది.

సొంత రిజిస్ట్రీ అవసరమా అన్న చర్చను ముగించింది మాత్రం 2020 నవంబర్. లాగిన్ కాకుండా దించుకునే వాళ్లకు ఆరు గంటలకు 100 పుల్స్, ఉచిత ఖాతాతో లాగినైతే 200 అని డాకర్ హబ్ పరిమితి పెట్టింది. లాగిన్ కాని వాళ్ల లెక్క ఐపీ చిరునామా మీద. ఆఫీసంతా ఒకే ఐపీ నుంచి బయటికెళ్లే చోట ఒక బృందం బిల్డులు ఆ కోటాను తినేస్తే మిగతా బృందాలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అప్పటిదాకా సొంత రిజిస్ట్రీ దండగన్న వాళ్లే హబ్ ఇమేజ్‌లకు లోపల నకళ్ల నిల్వ (క్యాష్) పెట్టుకోవడానికి పరుగెత్తారు.

ఈ చరిత్ర చెప్పేది ఒకటే. రిజిస్ట్రీని పెట్టడం ఎప్పుడూ కష్టం కాలేదు, పోషించడమే కష్టమైంది. సర్టిఫికెట్ గడువు, డిస్కు చెత్త, బయటివాళ్ల పరిమితి, మూడూ పెట్టిన నాడు కనిపించవు. కాబట్టి మీ ప్లేబుక్‌లో సెటప్ ఒక్కటే ఉంటే సగం పనే అయినట్టు. శుభ్రం చేయడం, బ్యాకప్ తీయడం, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టడం కూడా అందులోనే రాయండి. రాసి ఊరుకోకండి. ఈ వారమే ఒక ఖాళీ మెషీన్ తీసుకుని, ఆ ప్లేబుక్ రాయని మనిషి చేత దాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూడండి.