నోటి కావలి

శైశవమునను వార్ధక్యమునను నాలుకపై పాలమీగడవలె పేరుకొను తెల్లపూత మీరెఱుగనిది కాదు. దానికి మూలము కాండిడా అను బూజుజాతి జీవి. సంగ్రహణిని బోలిన స్ప్రూ రోగమునను నోరు పూయుట చూచి, 1915 ప్రాంతమున పోర్టోరికోలో ఆష్‌ఫర్డ్ అను వైద్యుడు ఈ బూజునే దోషి యనెను.

భీమవరమున 1895లో జన్మించి, మన తడకు దక్షిణమున నున్న చెన్నపట్టణమున వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురు స్ప్రూకే బలియైరి. 1945లో అమెరికాలో ఆయన పర్యవేక్షణమున ఫోలిక్ ఆమ్లము తయారుకాగా, స్ప్రూ రోగుల నాలుక మానెను, రక్తము పుంజుకొనెను. ఆ మందు బూజును చంపునది కాదు. కావున నింద మోసిన జీవి ఆ రోగమునకు మూలము కాదు.

నిజమునకు ఆ బూజు ఆరోగ్యవంతుల నోళ్లయందును ఊరక కాపురముండును. దానిని అదుపున నుంచునది లాలాజలము. కన్నీటను ఉమ్మియందును సూక్ష్మజీవులను కరగించు లైసోజైమును 1922లో ఫ్లెమింగు ప్రకటించెను. 1988లో హిస్టాటినులని పేరుపొందిన లాలాజలపు చిన్న మాంసకృత్తులు బూజుకణమున చొచ్చి దాని శక్తిని హరించును.

ముదిమిని, మధుమేహమున, కొన్ని మందులచేతను నోరెండినచో నీ కావలి సడలును. కావున పెద్దలారా, కట్టుడు పండ్లను రాత్రివేళ తీసి కడుగుడు. నోరెండుట ముసలితనపు ధర్మమని యూరకుండక వైద్యునకు చెప్పుడు.