‘మే’ నుంచి ‘మస్ట్’ దాకా

మా పక్కింటి అమ్మాయి మొన్న సాయంత్రం ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. పై చదువుకి విదేశం వెళ్ళాలంటే ఏదో పరీక్ష రాయాలిట. "పిన్నిగారూ, మీరు బి.ఏ. కదా, ఈ ఖాళీలు సరిగ్గా పూరించానో లేదో చూసిపెట్టండి" అంది. నేను బి.ఏ.లో చదివింది చరిత్ర. అయినా బి.ఏ. అంటే ఇంగ్లీషు వచ్చినట్టే లెక్క మన కాలనీలో!

పుస్తకం తీసి చూశాను. ఒక పేజీ నిండా ‘మస్ట్’, ‘హావ్ టు’, ‘మే’, ‘కెన్’. రెండో పేజీలో ‘హావ్’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్న గొడవ. "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" అని రాసింది. ‘నిన్న’ అన్న మాట ఉంటే ‘హావ్’ పనికిరాదని కొట్టేశాను.

"ఎందుకు పనికిరాదండీ?"

"రూలు."

నా చిన్నప్పుడు మా మేష్టారు నాకు చెప్పిందీ ఆ ఒక్క ముక్కే. పిల్ల నోరు మూసుకుని వెళ్ళిపోయింది గానీ ఆ ‘ఎందుకు’ మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. రాజులకీ యుద్ధాలకీ చరిత్ర ఉన్నప్పుడు రూళ్ళకి మాత్రం ఉండదా? ఆ రాత్రి వంటిల్లు సర్దుకుని పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను.

అసలు తప్పు వాక్యం ఇచ్చి "దీన్ని సరిదిద్దుము" అనే అభ్యాసం ఎవరు మొదలుపెట్టారనుకున్నారు? బెత్తం పట్టుకున్న ఏ మీసాల మేష్టారో అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ పేరు ఆన్ ఫిషర్. ఇంగ్లండులో న్యూకాసిల్ అనే ఊళ్ళో ఆడపిల్లలకి బడి నడిపింది. ఆవిడ రాసిన ఇంగ్లీషు వ్యాకరణం 1750 నాటికే రెండో కూర్పు వచ్చింది. ఆ శతాబ్దం ముగిసేలోగా ముప్ఫైకి పైగా ముద్రణలు పొందింది. ఇంగ్లీషుని లాటిన్ వ్యాకరణపు చట్రంలో బిగించవద్దని వాదించిన మనిషి. పుస్తకం మీద మాత్రం ‘ఏ. ఫిషర్’ అని ఉండేది. ఆ ‘ఏ’ ఆడదో మగవాడో కొన్నవాళ్ళకెలా తెలుస్తుంది చెప్పండి?

ఆవిడ తరవాత వచ్చాడు లిండ్లే మర్రే. న్యూయార్కులో వకీలు చేసి, 1784లో ఇంగ్లండు చేరి, యార్కు నగరం పక్కన స్థిరపడ్డాడు. కండరాలు నీరసించి నడవలేని స్థితి. యార్కులోని ఒక ఆడపిల్లల బడి ఉపాధ్యాయినులు "మా పిల్లలకి పనికొచ్చే వ్యాకరణం రాసిపెట్టండి" అని అడిగితే 1795లో ఆ పుస్తకం రాశాడు. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయి, సముద్రాలు దాటి, 19వ శతాబ్దంలో మన దేశపు బళ్ళలోకీ వచ్చింది. ఆ తరవాత 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ సంగతి మీకు తెలిసిందే. మనలో ఎంతమంది కన్నీళ్ళు పడ్డాయో ఆ పేజీల మీద! ఆ రెన్ నవలాకారుడు కూడాను. మన దేశంలో విద్యాశాఖలో పనిచేసినవాడు.

ఆడపిల్లల కోసం, వాళ్ళ పంతులమ్మల పోరు మీద పుట్టిన సరుకుని ఇన్నేళ్ళూ మీసాల మేష్టార్లదనుకుని భయపడ్డామన్నమాట.

సరే, ఇక మాటల సంగతికొద్దాం. ‘కెన్’ అంటే వెయ్యేళ్ళ కిందట ‘తెలుసు’ అని అర్థం. మన ‘జ్ఞానం’లో ఉన్న ‘జ్ఞా’కీ దానికీ దూరపు చుట్టరికం. ‘మే’ అంటే ‘బలం ఉంది’ అని. ‘షల్’ అంటే ‘బాకీ ఉన్నాను’ అని. ‘ఆట్’ అయితే బాకీ పడడం అనే క్రియకి భూతకాలం. "పెద్దవాళ్ళని గౌరవించాలి" అని ఇంగ్లీషులో నీతి చెబితే దాని అడుగున అప్పు పత్రం ఉందన్నమాట. మనం "మీకు రుణపడి ఉన్నాను" అనమూ? అలాగే.

అన్నిటికన్నా విచిత్రం ‘మస్ట్’. ఈ రోజు అది ‘తప్పనిసరి’కి పెట్టింది పేరు. పాత ఇంగ్లీషులో దాని అసలు అర్థం ‘అనుమతి ఉంది’! ‘చేయవచ్చు’ అన్నమాటే నెమ్మదినెమ్మదిగా ‘చేసి తీరాలి’ అయి కూర్చుంది. 14వ శతాబ్దంలో చాసర్ కవిత్వం రాసేనాటికి ఆ మాటకి రెండర్థాలూ పక్కపక్కనే ఉండేవి.

అదెలా సాధ్యమంటారా? ఆఫీసులో పై అధికారి "ఇక మీరు వెళ్ళవచ్చు" అంటే దాని భావమేమిటి? అత్తగారు "కావాలంటే పొద్దున్నే లేచి ముగ్గు పెట్టవచ్చమ్మా" అంటే ఆ ‘వచ్చు’ బరువెంతో కొత్త కోడలికి ఏ వ్యాకరణమూ చెప్పక్కర్లేదు. అనుమతి ఇచ్చేది పైనున్న మనిషైతే అది ఆజ్ఞ కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక ‘హావ్’. దానికి మొదటి అర్థం ‘కలిగి ఉండడం’. "ఉత్తరం రాశాను" అనడానికి పూర్వం "రాయబడిన ఉత్తరం నా దగ్గర ఉంది" అన్న ధోరణిలో చెప్పేవారు. రానురాను అదొక కాలమైపోయింది. అందుకే ఆ కాలానికి ‘నిన్న’తో పొత్తు కుదరదు. పని నిన్నటిదే కావచ్చు, దాని ఫలం మాత్రం ఇప్పుడు చేతిలో ఉండాలి. షేక్‌స్పియర్ రోజుల్లో ఈ నియమం ఇంత గట్టిగా లేదు, తరవాత బిగిసింది. ఇంకో సంగతి: రావడం, పోవడం లాంటి క్రియలకి అప్పట్లో ‘హావ్’ బదులు "అయామ్ కమ్" అనేవారు. అచ్చం మన "వచ్చి ఉన్నాను"!

చేతిలో ఉండడం, లేకపోవడం అంటే గుర్తొచ్చింది. 1881లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆడవాళ్ళు ఆనర్సు పరీక్షలు రాయవచ్చని అనుమతించింది. రాశారు. పాసయ్యారు. పట్టా మాత్రం ఇవ్వలేదు. ఇచ్చింది ఎప్పుడనుకున్నారు? 1948లో. అరవై ఏడేళ్ళు! "హావ్ పాస్‌డ్" అని వ్యాకరణ శుద్ధంగా చెప్పుకోవచ్చు, "హావ్ ఎ డిగ్రీ" అనడానికి మాత్రం వీల్లేదు.

సరిగ్గా ఆ 1881 డిసెంబరులోనే మన రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. దానికి చట్టం 1856లోనే వచ్చింది. అంటే ‘చేసుకోవచ్చు’ అని ప్రభుత్వం అన్నాక, మన గోదావరి ఒడ్డున ‘చేసుకుంది’ అనిపించుకోవడానికి పాతికేళ్ళు. కాగితం మీద ‘మే’ ఉన్నా, వీధిలో ‘మస్ట్ నాట్’ కాపలా కాస్తుంటే అంతే మరి.

ఇదంతా చదివాక మన తెలుగు ఎలా ఉందా అని చూసుకున్నాను. "నాకు ఈత వచ్చు" అన్నా, "మీరు లోపలికి రావచ్చు" అన్నా ఒకటే ‘వచ్చు’. తెలిసినదానికీ, అనుమతికీ మనకి ఒక్క మాటే సరిపోయింది. మన పిల్లలు ‘కెన్’ దగ్గరా ‘మే’ దగ్గరా తడబడితే ఆశ్చర్యమేముంది? ఇంకా ముచ్చటైన సంగతి ‘వలెను’. దాని మూలంలో ఉన్నది కోరిక. "నాకు నీళ్ళు కావాలి", "నేను నీళ్ళు తేవాలి" — రెండింటిలోనూ ఉన్నది ఆ ‘వలెను’ అరిగిన రూపమే. ఇంగ్లీషులో బాధ్యత అప్పులోంచీ అనుమతిలోంచీ పుడితే, మనకి కోరికలోంచి పుట్టింది. ఎంత మంచి మాట!

కానీ కోరిక ఎవరిది? అక్కడే ఉంది తిరకాసు. మా అమ్మ తరంలో పెళ్ళిచూపుల్లో "అమ్మాయి ఉద్యోగం చేసుకోవచ్చు, మాకేం అభ్యంతరం లేదు" అనడం గొప్ప ఉదారం. ఇప్పుడు పెళ్ళి ప్రకటనల్లో "ఉద్యోగం చేయుచున్న వధువు కావలెను". పాత ఇంగ్లీషు మాటకి వందల ఏళ్ళు పట్టిన ప్రయాణం మన ఇళ్ళల్లో ఒక్క తరంలో పూర్తయింది. వంటిల్లు మాత్రం అప్పుడూ ‘మస్టే’, ఇప్పుడూ ‘మస్టే’.

మర్నాడు ఆ పిల్లని పిలిచి ‘హావ్’ కథ చెప్పాను. "చేతిలో ఏమైనా మిగిలితేనే హావ్ అన్నమాట" అని తేల్చింది. రూలు కన్నా బాగా చెప్పింది. తరవాత అడిగాను, "ఇంతకీ విదేశం ఎందుకే? మీ నాన్నగారు వెళ్ళవచ్చన్నారనా, వెళ్ళాలన్నారనా?"

కాసేపు ఆలోచించింది. "మొదట వెళ్ళవచ్చన్నారు పిన్నిగారూ. అప్పు దొరికాక వెళ్ళాలంటున్నారు."

"మరి నీకు?"

పుస్తకం మూసి, చాలాసేపు దాని అట్ట కేసి చూస్తూ కూర్చుంది. ఆ ఖాళీ మాత్రం నేను పూరించలేదు. అది ఆ పిల్లే పూరించుకోవాలి. ఆ ‘ఆలి’లో కోరిక ఉందో, అప్పు ఉందో ఆ పిల్లకే తెలియాలి.