కవిలె కట్ట నుంచి ఇంటి సర్వర్ దాకా



కరణాల ఇళ్ళలో అటకల మీద ఉండే కవిలె కట్టల గురించి మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. పొలాల కొలతలు, శిస్తులు, మాన్యాలు తాటాకుల మీద రాసి భద్రపరిచేవారు. మైసూరు సీమలోనూ, రాయలసీమలోనూ మరో సాధనం ఉండేది. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గు మసి పట్టించి, మడతలు పెట్టి, బలపంతో రాసేవారు. దానిని మనం కడితం అన్నాం, కన్నడంలో కడత అన్నారు. కర్ణాటక ఆఫీసుల్లో ఈనాటికీ ఫైలును కడత అనే అంటారు.

ఈ లెక్కలు ఇంట్లో ఉండడం వల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. ఎవరి లెక్క వారి చేతిలో ఉండడం మేలు. చెద పట్టినా, ఇల్లు కాలినా అంతా పోవడం కీడు. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తర్వాత కాలిన్ మెకంజీ మైసూరు సీమను సర్వే చేశాడు. ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య వంటి సహాయకులు ఊరి చరిత్రలను సేకరించి పెట్టారు. అసలు కవిలెలు చాలావరకు నశించాయి. వాటిని చూసి రాసుకున్న కైఫియతులు మిగిలాయి. వస్తువు ఎక్కడ ఉందన్నది ఎంత ముఖ్యమో, దానికి ఎన్ని ప్రతులు ఉన్నాయన్నదీ అంతే ముఖ్యమని ఈ చరిత్ర చెబుతోంది.

ఇంత పాత సంగతి ఇప్పుడెందుకని మీరు అడగవచ్చు. ఈనాడు మన కవిలెలు కంప్యూటర్లోకి, ఫోన్లోకి చేరాయి. అమ్మమ్మ గొంతు, పిల్లల ఫోటోలు, పొలం పత్రాలు, మార్కుల జాబితాలు అన్నీ అక్కడే ఉన్నాయి. మరి వాటి తాళం ఎవరి దగ్గర ఉంది?

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగళూరులో తన కేంద్రాన్ని తెరిచింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. తర్వాత ఉత్తరాలు, ఫోటోలు, కబుర్లు అన్నీ దూరదేశపు కంపెనీల యంత్రాల్లోకి చేరాయి. ఉచితం కదా అని సంతోషించాం. అయితే జియోసిటీస్ 2009లో మూతపడింది. మన యువత ఎంతగానో ఇష్టపడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో ఆగిపోయింది. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపివేసింది. ఊరి చెరువు ఉండవచ్చు, కానీ తూము తాళం మన చేతిలో లేదు.

ఇంటి బావి తవ్వుకునే మార్గం కూడా అదే కాలంలో ఏర్పడింది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. దాని మూలాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. 2001 నుంచి బెంగళూరులో లినక్స్ బెంగళూరు పేరుతో ఏటా సమావేశాలు జరిగాయి. 2005లో వాటి పేరు ఫాస్ డాట్ ఇన్‌గా మారింది. ఆ కోవలోనే 2010లో ఓన్‌క్లౌడ్ వచ్చింది. మన ఫైళ్ళను మన యంత్రంలోనే ఉంచుకుని, ఇంటిల్లిపాదీ వాడుకునే సాఫ్ట్‌వేర్ అది. 2016లో దాన్ని మొదలుపెట్టిన ఫ్రాంక్ కార్లిచెక్ ఆ సంస్థను విడిచి, అదే మూలంతో నెక్స్ట్‌క్లౌడ్ ప్రారంభించాడు. ఎంతోమంది తమ ఫైళ్ళతో సహా కొత్త ఇంటికి మారారు. మూలం దాచిపెట్టిన సాఫ్ట్‌వేర్ అయితే అది సాధ్యమయ్యేది కాదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎన్నేళ్ళుగా నడుస్తోంది, ఎంతమంది దాన్ని చూసుకుంటున్నారు? 1993లో మొదలైన డెబియన్ ఈనాటికీ నడుస్తోందంటే కారణం వేలాది చేతులు. లోపాలను సరిచేసే మార్పులు క్రమంగా వస్తున్నాయా? రేపు వద్దనుకుంటే మన వస్తువులను మామూలు రూపంలో బయటికి తీసుకోగలమా? ఈ మూడో ప్రశ్న తెలుగువాళ్ళకు మరీ ముఖ్యం. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఒక ఫాంటులో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులుగా కనిపించేది.

ఇక ఇంటి నెట్‌వర్క్ సంగతి. పాత నాలుగో తరం పద్ధతిలో ప్రపంచానికంతటికీ ఉన్న ఇంటర్నెట్ చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. అందుకే 192.168తో మొదలయ్యేలాంటి లోపలి చిరునామాలను 1996లో ప్రామాణికం చేశారు. రౌటర్ మన వీధి వాకిలి. లోపలి వారిని బయటికి పంపుతుంది, పిలవని వారిని లోపలికి రానివ్వదు. సర్వర్ కోసం ఆ తలుపు బార్లా తెరవకండి. బయటి నుంచి ఇంటికి చేరాలంటే, 2020లో లినక్స్‌లో భాగమైన వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గం వాడండి. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. కరెంటు పోయినప్పుడు డిస్కు దెబ్బతినకుండా చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసుకుంటున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. పొరపాటున ఒకదానిలో చెరిపితే రెండోదానిలోనూ చెరిగిపోతుంది. కాబట్టి మూడు ప్రతులు ఉండాలి. ఒకటి సర్వర్లో, ఒకటి విడిగా తీసిపెట్టిన డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో. బెంగళూరులో ఉంటున్న మన కుటుంబాలకు హిందూపురంలోనో, మదనపల్లెలోనో, ముళబాగిలులోనో అన్నదమ్ముల ఇళ్ళు ఉండనే ఉంటాయి. ఉగాదికి వెళ్ళినప్పుడు ఒక డిస్కు ఇచ్చి, పాతది తెచ్చుకోండి. ఏడాదికోసారి ఆ ప్రతి తెరిచి, ఫోటోలు నిజంగా కనిపిస్తున్నాయో లేదో చూడండి.

ఇదంతా చూసుకునే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోతే, డబ్బు కట్టే సేవను వాడుకోవడంలో తప్పు లేదు. అప్పుడు కూడా ఒక ప్రతి ఇంట్లో ఉంచుకోండి.

చివరిగా ఒక్క మాట. కరణం పోతే కవిలె చదివేవాడు లేని ఊళ్ళు ఉండేవి. ఇంటి సర్వర్‌కూ అదే గతి పట్టవచ్చు. అందుకని పాస్‌వర్డులు, డిస్కులు ఉన్న చోటు, తెరిచే పద్ధతి తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో కలిపి పెట్టండి. ఇంట్లో ఇంకొకరి చేత ఒకసారి తెరిపించి చూడండి. వారు తెరవగలిగితేనే అది కుటుంబం సొత్తు.