టైమ్‌షేర్ మెంబర్‌షిప్ అమ్ముతున్నారా? స్టాంప్ పేపర్ రాసుకుంటే సరిపోదు.. ఆ ఒక్క లెటర్ వచ్చాకే పూర్తి డబ్బు!

నంద్యాల, ఆళ్లగడ్డ: హైదరాబాద్ మాల్‌లో సరదాగా లక్కీ డ్రా కూపన్ నింపుతారు. వారం తిరక్కుండానే ఫోన్.. 'మీకు గిఫ్ట్ తగిలింది, భార్యాభర్తలిద్దరూ హోటల్‌కు రండి' అని. రెండు గంటల ప్రెజెంటేషన్ అయ్యేసరికి చేతిలో గిఫ్ట్‌తో పాటు 25 ఏళ్ల హాలిడే మెంబర్‌షిప్, నెలనెలా ఈఎంఐ కూడా వచ్చి పడతాయి. టైమ్‌షేర్ కొన్నవాళ్లలో చాలామంది కథ ఇక్కడే మొదలవుతుంది. పదేళ్లు గడిచాక పిల్లలు చదువులకు వెళ్లిపోతారు, తిరగడం తగ్గుతుంది. ఏటా కట్టాల్సిన ఫీజు మాత్రం తగ్గదు. ఇక అమ్మేద్దాం అనుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. నంద్యాలలో ఉండే రిటైర్డ్ టీచర్ తన మెంబర్‌షిప్‌ను ఆళ్లగడ్డలోని విత్తనాల వ్యాపారికి అమ్ముతున్నారనుకుందాం. తెలిసినవాళ్ల ద్వారా కుదిరిన బేరం. '100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకుందాం సార్, నోటరీ చేయిస్తే అయిపోతుంది' అంటారు వ్యాపారి. డబ్బు చేతులు మారుతుంది. ఆర్నెల్ల తర్వాత ఏడాది ఫీజు బిల్లు మళ్లీ టీచర్ మెయిల్‌కే వస్తుంది. అటు వ్యాపారి మున్నార్‌లో రూమ్ బుక్ చేయబోతే 'మీ పేరు మా రికార్డుల్లో లేదు' అంటారు. ఇద్దరిలో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. అయినా ఇద్దరూ ఇరుక్కున్నారు. ఎందుకిలా?

అసలు మీరు కొన్నది ఏంటి?

టైమ్‌షేర్ అంటే రిసార్ట్‌లో ఏటా కొన్ని రోజులు ఉండే హక్కు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది స్థలం మీదో, గది మీదో యాజమాన్యం కాదు.. వాడుకునే హక్కు మాత్రమే. 1986లో మొదలైన స్టెర్లింగ్, 1996లో మొదలైన క్లబ్ మహీంద్రా లాంటి కంపెనీలు ఈ పద్ధతిని ఇక్కడ జనానికి అలవాటు చేశాయి. ఏడాదికి 7 రాత్రుల చొప్పున 25 ఏళ్లు అంటే మొత్తం 175 రాత్రులు. సీజన్‌ను బట్టి రంగులు, గది సైజును బట్టి రేట్లు. దీనికి తోడు ఏటా మెయింటెనెన్స్ ఫీజు. కొన్ని కంపెనీలు దీన్ని ఏఎస్ఎఫ్ అంటాయి. అది కట్టకపోతే బుకింగ్ ఆగిపోతుంది.

అంటే మీ దగ్గర ఉన్నది పొలం కాదు, ప్లాటు కాదు. మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒక ఒప్పందం. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రాయించుకుందాం అనే ఆలోచన ఇక్కడ సాధారణంగా పనిచేయదు. ఒప్పందంలో ఒక పక్షం తప్పుకుని ఇంకొకరు రావాలంటే మిగతా పక్షం, అంటే కంపెనీ ఒప్పుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పేదీ ఇదే. పాత ఒప్పందం స్థానంలో కొత్తది రావాలంటే దానికి సంబంధించిన వాళ్లందరూ అంగీకరించాలి. మీరిద్దరూ రాసుకున్న కాగితం మీ ఇద్దరినే కట్టేస్తుంది, కంపెనీని కాదు.

బండి అమ్మినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. బైక్ అమ్మేసి డబ్బు తీసుకుని, ఆర్సీ మాత్రం పాత పేరు మీదే వదిలేస్తే? యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న వ్యక్తిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో కారు చాలా చేతులు మారింది, రికార్డులో పేరు మాత్రం మారలేదు. టైమ్‌షేర్‌కు ఆర్టీఓ ఆఫీసు లేదు, ఆ పని కంపెనీ రిజిస్టరే చేస్తుంది. అంతే తేడా.

బేరానికి ముందే కంపెనీకి మెయిల్

అమ్మాలనుకున్న రోజే కొనేవాళ్లను వెతకొద్దు. ముందు మెంబర్‌షిప్ అగ్రిమెంట్ బయటికి తీయండి. అందులో ట్రాన్స్‌ఫర్ గురించి రాసిన పేజీ చదవండి. బయటివాళ్లకు అమ్మొచ్చా, కుటుంబ సభ్యులకు మాత్రమేనా? ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎంత? కొన్నేళ్లు పూర్తయితేనే అమ్మాలనే షరతు ఉందా? ఇవి కంపెనీని బట్టి, ఒకే కంపెనీలో ప్లాన్‌ను బట్టి కూడా మారతాయి. కాబట్టి పక్కింటాయనకు జరిగింది కదా అని మీకూ జరుగుతుందనుకోవద్దు.

తర్వాత మీ రిజిస్టర్డ్ మెయిల్ నుంచే కంపెనీకి రాయండి. మెంబర్‌షిప్ ఇంకా ఎన్నేళ్లుంది, ఫీజు ఎప్పటిదాకా కట్టి ఉంది, లోన్ బాకీ ఏమైనా ఉందా, వాడుకోని రోజులు ఎన్ని, అవి కొత్తవాళ్లకు వెళ్తాయా అని అడగండి. జవాబు రాతపూర్వకంగానే తీసుకోండి. కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్‌లో 'అవుతుంది సార్' అన్న మాట రేపు ఏ కమిషన్ ముందూ నిలబడదు.

ఆళ్లగడ్డ వ్యాపారి వైపు నుంచి చూస్తే ఈ మెయిల్ జవాబే అసలు డాక్యుమెంట్. టీచర్ చూపించే ప్లాస్టిక్ కార్డు కాదు, మొదట్లో ఇచ్చిన రంగురంగుల బ్రోచర్ అంతకన్నా కాదు. 'ఇంకా 15 ఏళ్లుంది' అన్న మాటకూ, కంపెనీ ఇచ్చిన తేదీకీ తేడా ఉంటే ధర మారిపోవాల్సిందే. అప్పట్లో ఇచ్చిన ఫ్రీ ఆఫర్లు, వోచర్లు రెండో ఓనర్‌కు వర్తిస్తాయో లేదో కూడా అడగాలి. ఆర్‌సీఐ లాంటి ఎక్స్ఛేంజ్ సభ్యత్వం ఉంటే దాని సంగతి విడిగా చూసుకోవాలి, అది దానంతటదే వెంట వస్తుందనుకోవద్దు.

లోన్ మీద కొన్నదైతే బాకీ తీరినట్టు ఎన్‌ఓసీ వచ్చేదాకా అమ్మకం మాట ఎత్తకపోవడమే మంచిది. భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. మెంబర్ చనిపోయి ఉంటే ముందు ఆ పేరు వారసుల మీదికి మారాలి. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

డబ్బు ఎప్పుడు, ఎలా?

స్టాంప్ పేపర్ అసలు వద్దని కాదు. రాసుకోవాలి, కానీ అది మొదటి మెట్టు మాత్రమే. అందులో మెంబర్‌షిప్ నంబర్, సీజన్, గది రకం, మిగిలిన కాలం, ఫీజు ఏ తేదీ వరకు ఎవరు కట్టాలి, ట్రాన్స్‌ఫర్ ఖర్చు ఎవరిది అన్నవి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇంకోటుంది. కంపెనీ ట్రాన్స్‌ఫర్‌కు ఒప్పుకోకపోతే తీసుకున్న అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? చాలామంది ఇదొక్కటే మర్చిపోతారు. గొడవ వచ్చేదీ ఇక్కడే.

ముందు చిన్న మొత్తం అడ్వాన్స్. ఇద్దరూ సంతకం చేసిన ట్రాన్స్‌ఫర్ ఫారం, కేవైసీ కాగితాలు, ఫీజు కంపెనీకి చేరాలి. కంపెనీ ఆఫీసు పక్క వీధిలో ఉండదు కాబట్టి ఒరిజినల్స్ స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదు ఉంచుకుని, అదే రోజు స్కాన్ కాపీలు మెయిల్ చేయండి. ట్రాన్స్‌ఫర్ ఫీజును అమ్మేవాళ్ల చేతికో, మధ్యవర్తి చేతికో ఇవ్వకుండా నేరుగా కంపెనీ ఖాతాలోకే కట్టడం మేలు. కొత్త మెంబర్ పేరుతో కంపెనీ నుంచి కన్ఫర్మేషన్ లెటర్ లేదా మెయిల్ వచ్చిన రోజే మిగతా డబ్బు. అది కూడా బ్యాంకు ద్వారానే. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది.

'అంతదాకా నేను ఆగాలా?' అని అమ్మేవాళ్లకు అనిపించొచ్చు. కానీ ఆ లెటర్ వాళ్లకే ఎక్కువ అవసరం. ఏడాది ఫీజు బాధ్యత నుంచి బయటపడ్డారనడానికి అదే ఆధారం. లెటర్ వచ్చాక ఇంకో చిన్న పని ఉంటుంది. ఏటా ఫీజు మీ ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టుకుని ఉంటే బ్యాంకుకు వెళ్లో, యాప్‌లోనో ఆ మ్యాండేట్ రద్దు చేయండి. మెంబర్‌షిప్ వేరేవాళ్లది, ఫీజు మీది అనే పరిస్థితి రాకూడదు కదా! కంపెనీ రికార్డులో మొబైల్ నంబర్, మెయిల్ కూడా మారాయో లేదో కొన్నవాళ్లు చూసుకోవాలి. లేదంటే బుకింగ్ ఓటీపీ పాత ఓనర్‌కే వెళ్తుంది.

అమెరికాలో అయితే కథ వేరు

మన జిల్లా నుంచి అమెరికా వెళ్లిన పిల్లల్లో కొందరికి ఓర్లాండోలోనో, లాస్ వెగాస్‌లోనో టైమ్‌షేర్ ఉండొచ్చు. అక్కడ చాలా చోట్ల ఇది నిజంగానే ఆస్తి. దానికి డీడ్ ఉంటుంది, అమ్మితే కొత్త డీడ్ కౌంటీ ఆఫీసులో రికార్డు కావాలి. మన దగ్గర రిజిస్ట్రేషన్ లాంటిదన్నమాట. కానీ అక్కడా అది ఒక్కటే చాలదు. చాలా ఒప్పందాల్లో రిసార్ట్ కంపెనీకి ముందుగా కొనే హక్కు ఉంటుంది. వాళ్లు వద్దన్నాకే బయటివాళ్లకు అమ్మాలి. బాకీలు ఎంతున్నాయో చెప్పే ఎస్టోపెల్ లెటర్ తీసుకోవాలి. డబ్బు ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, రిసార్ట్ రికార్డులో పేరు మారాలి. లైసెన్స్ ఉన్న టైటిల్ కంపెనీలు ఈ పనులన్నీ చూసుకుంటాయి. ఇండియాకు తిరిగొచ్చేసినవాళ్లు డీడ్ మీద సంతకం ఇక్కడి నుంచే చేయాలంటే హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని నోటరీ చేయించుకోవచ్చు. ముందుగా టైటిల్ కంపెనీని అడిగి వెళ్తే రెండోసారి ప్రయాణం తప్పుతుంది.

ఇంకో మాట. అక్కడ 1 డాలర్‌కే అమ్మకానికి పెట్టిన టైమ్‌షేర్లు కూడా కనిపిస్తాయి. వదిలించుకోవాలనే ఆత్రం అంత ఉంటుంది. మోసగాళ్లకు కావాల్సింది ఆ ఆత్రమే. మెక్సికోలోని టైమ్‌షేర్ల పేరుతో జరిగిన మోసాల్లో 2019 నుంచి 2023 మధ్య సుమారు 6,000 మంది అమెరికన్లు దాదాపు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నట్టు ఎఫ్‌బీఐ లెక్క. వాటి వెనుక డ్రగ్స్ ముఠా ఉందంటూ అమెరికా ట్రెజరీ 2024 జులైలో ఆంక్షలు కూడా పెట్టింది.

'మీ మెంబర్‌షిప్‌కు పార్టీ రెడీగా ఉంది' అంటే..

ఆ మోసం నడిచే తీరు చాలా సింపుల్. 'మీ టైమ్‌షేర్ కొనడానికి పార్టీ ఉంది, 6 లక్షలు ఇస్తారు' అని ఫోన్ వస్తుంది. మీ మెంబర్‌షిప్ నంబర్ కూడా చెబుతారు, దాంతో నమ్మేస్తారు. తర్వాత ఎన్‌ఓసీ ఫీజు, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ చార్జీ.. 'అన్నీ రీఫండబుల్ మేడమ్' అంటారు. ఒకటి కడితే ఇంకోటి అడుగుతారు. కొనే పార్టీ మాత్రం ఎప్పటికీ రారు. యూరప్‌లో 2008 నాటి నిబంధన ప్రకారం అమ్మకం పూర్తి కాకముందే రీసేల్ ఏజెంట్ ఫీజు తీసుకోవడమే నిషేధం. మన దగ్గర టైమ్‌షేర్‌కు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి ఆ రూల్ మీకు మీరే పెట్టుకోండి. డబ్బు వచ్చేది మీకు, అలాంటప్పుడు ముందు మీరెందుకు కట్టాలి?

ఇప్పటికే కట్టేశారా? వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. కంపెనీయే ట్రాన్స్‌ఫర్ చేయకుండా సతాయిస్తే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టం వచ్చాక మీరు ఉంటున్న చోటే కేసు వేసుకునే వీలుంది. కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా నంద్యాలవాళ్లు అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. అయితే గొడవ అమ్మిన టీచర్‌కూ కొన్న వ్యాపారికీ మధ్యనైతే ఈ దారి సాధారణంగా కుదరదు. అది ఇద్దరు వ్యక్తుల మధ్య వ్యవహారం, సివిల్ కోర్టుకే వెళ్లాలి. అప్పుడు ఆ స్టాంప్ పేపర్, బ్యాంకు స్టేట్‌మెంట్, కంపెనీ మెయిల్స్ అక్కరకొస్తాయి.