శవాన్ని ముట్టింది ఎవరు? వైద్య విద్యలో కులం

డాక్టరు చదువులో చేరిన పిల్లవాడు పాఠాలతో పాటు ఇంకోటి కూడా నేర్చుకుంటాడు. వార్డులో ఎవరి వెనక ఎవరు నడవాలి, ఎవరిని సార్ అనాలి, ఎవరిని పేరు పెట్టి పిలవొచ్చు, ఏ పని తను చెయ్యాలి, ఏ పని ఆయాతో చేయించాలి. ఇవి సిలబస్‌లో ఉండవు. అయినా ఐదారేళ్లలో ఒంటబడతాయి. వృత్తి వ్యక్తిత్వం అంటే ఇదే. దీనికి కులంతో పనిలేదని మన వైద్య కళాశాలలు నమ్మిస్తాయి. చరిత్ర అలా చెప్పటం లేదు.

1835లో కలకత్తా మెడికల్ కాలేజీ పెట్టినప్పుడు ఏ మతం వాళ్లయినా, ఏ కులం వాళ్లయినా చేరొచ్చన్నారు. అయితే గౌరవనీయమైన కుటుంబాల వాళ్లై ఉండాలి, ఇంగ్లీషు వచ్చి ఉండాలి అని షరతు పెట్టారు. కులం పేరెత్తకుండానే ఎవరిని గేటు బయట ఆపాలో ఆ షరతు చూసుకుంది. మరుసటేడు, 1836లో, మధుసూదన్ గుప్తా శవాన్ని కోశాడు. ఆయన బైద్య కులస్థుడు. అంతకుముందు కలకత్తా సంస్కృత కళాశాలలో వైద్యం బోధించాడు. ఆ రోజుల్లో అక్కడ బ్రాహ్మణ, బైద్య పిల్లలకే ప్రవేశం. మైల అనే ఆచారాన్ని తెంచిన వీరుడిగా ఆయన చరిత్రకెక్కాడు. ఫోర్టు విలియంలో ఫిరంగులు పేల్చారని కూడా చెప్పుకుంటారు.

ఆయన ధైర్యాన్ని కాదనక్కర్లేదు. మనం అడగాల్సిన ప్రశ్న వేరు. తరతరాలుగా శవాల్ని మోసి, కడిగి, కాల్చినవాళ్ల సంగతేమిటి? బెంగాల్లో ఆ పని డోమ్ కులానిది. ఆస్పత్రి శవాగారంలోనూ ఆ పని వాళ్లకే దక్కింది. చివరికి ఆ కులం పేరే ఉద్యోగం పేరయింది. 2021లో కలకత్తాలోని ఒక వైద్య కళాశాలలో ఆరు డోమ్ పోస్టులకు సుమారు 8,000 మంది దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్లలో ఇంజనీరింగు, పీజీ చదివినవాళ్లు కూడా ఉన్నారు. ఉద్యోగాల కరువు గురించి పత్రికలు రాశాయి. ప్రభుత్వ ఉద్యోగానికి కులం పేరేమిటని అడిగినవాళ్లు తక్కువ. ఒకే శవం, ఒకే గది. ఒకరికి ముట్టుకోవటం విజ్ఞానం, ఇంకొకరికి అదే ముట్టుకోవటం అంటు.

మన పల్లెల్లో పురుడు సంగతీ అంతే. నెత్తురు, మాయ మైల గనక పురుడు పోసే పని మంగలి ఆడవాళ్లకీ, చాలాచోట్ల మాల మాదిగ ఆడవాళ్లకీ వదిలారు. ఆధునిక వైద్యం వచ్చాక మంత్రసాని చేతులు మురికి చేతులయ్యాయి. అదే పని గైనకాలజీ పేరుతో గౌరవ వృత్తయింది. నర్సు పని మాత్రం ఆ మైలను చాలాకాలం మోసింది. పైకులాలు తమ ఆడపిల్లల్ని పంపలేదు. మిషన్ ఆస్పత్రుల్లో శిక్షణకు ముందుకొచ్చింది క్రైస్తవ పిల్లలు. తెలుగునాట క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల మాదిగలేనని వేరే చెప్పక్కర్లేదు. 1946 భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో డాక్టర్లు 47,500 మంది, నర్సులు 7,000 మంది. దాదాపు ఏడుగురు డాక్టర్లకు ఒక్క నర్సు అన్నమాట. మందు రాసే చేతికీ పుండు కడిగే చేతికీ సమాజం కట్టిన విలువే ఈ అంకెల్లో కనిపిస్తుంది.

డాక్టరు సీటు దగ్గరికొస్తే గొడవ మొదలవుతుంది. మద్రాసు రాష్ట్రంలో కమ్యూనల్ జీవో కింద ప్రతి 14 సీట్లలో రెండు హరిజనులకు ఉండేవి. విశాఖ, గుంటూరు కాలేజీలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. మెడికల్ సీటు విషయమై చంపకం దొరైరాజన్ వేసిన కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవో చెల్లదంది. ఆ ఏడే రాజ్యాంగాన్ని సవరించి 15(4) తెచ్చుకోవాల్సి వచ్చింది.

అలా సీటు దక్కింది. లోపల ఏం దక్కింది? ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చూడండి. హాస్టల్లో దళిత, ఆదివాసీ విద్యార్థులు వేరుపడిపోవటం, టీచర్ల ఆదరణ లేకపోవటం, ప్రాక్టికల్స్‌లో, వైవాలో వివక్ష అన్నీ అందులో ఉన్నాయి. 2019లో ముంబైలో పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ ప్రాణం తీసుకుంది. ఆమె తల్లి, రోహిత్ వేముల తల్లి కలిసి అదే ఏడు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. వైవాలో ఎదురుగా కూర్చున్న మనిషే మార్కులేస్తాడు, అతనే రేపు థియేటర్లో కత్తి చేతికిస్తాడో లేదో తేలుస్తాడు. నువ్వు డాక్టరువి అనే నమ్మకం విద్యార్థికి అతని నుంచే రావాలి. అతను కులం చూస్తే ఆ నమ్మకం మొదట్లోనే విరుగుతుంది.

అందుకే రిజర్వేషన్ గేటు దాకా చేరిస్తే చాలదు. వైవా మార్కులకు జవాబుదారీ ఉండాలి, మీద పడి వేధించేవాళ్లకి శిక్ష ఉండాలి. వీటితోపాటు అనాటమీ మొదటి పాఠంలో గుప్తా పేరు చెప్పేటప్పుడు డోమ్ పేరూ, ప్రసూతి పాఠంలో మంత్రసాని పేరూ చెప్పాలి. మన పిల్లలు డాక్టరు కావటానికి నాయనమ్మ చేసిన పనిని దాచుకోవాల్సిన అవసరం లేదు. ఆ పని మీదే ఈ వైద్యం నిలబడింది.